ఈదమ్మ వరుస గవ్వలు

సముద్రానికీ మర్రిగూడకూ చుట్టరికం ఏమిటని ఎవరైనా అడిగితే, ఏమీ లేదనే చెప్పాలి. బస్సెక్కి, రైలెక్కి, ఒక పగలంతా పోతే తప్ప ఉప్పుగాలి ముక్కుకు తగలని జాగా అది. పత్తి, కందులు, గొర్రెలు, రాళ్ళు, ఎండ. అక్కడ పుట్టిన మల్లిక తన ఇరవై తొమ్మిదేళ్ళలో సముద్రాన్ని చూసింది ఫోనులోనే. అలాంటి పిల్ల ఒక శనివారం నల్లగొండలో తాను రసాయనశాస్త్రం చెప్పే డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని, ఫోను చూస్తూ చూస్తూ "అఖీల్ భాయ్!" అని పెట్టిన కేకకు కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

అఖీల్ అదే కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. టిఫిన్ డబ్బా మూత తీస్తున్నవాడల్లా ఉలిక్కిపడి కాళ్ళు కుర్చీ మీదికి లాక్కున్నాడు.

"ఏమైంది? పాము గిట్ల వచ్చిందా?"

"పాము కాదు భాయ్, పరిశోధనకు నిధులొస్తున్నయ్! సముద్రం మీద!"

"సముద్రం మీద వస్తే విశాఖపట్నపోల్లకు వస్తయ్. మనకేంది? తిను, క్లాసుకు టైమైతాంది."

మల్లిక తింటుందా! ఫోను తెచ్చి అతని ముక్కు ముందు పెట్టింది. సముద్రాల ఆమ్లీకరణ మీద మూడు రకాల నిధులు, మూడూ వచ్చే నెల మొదటి తారీఖున తెరుచుకుంటాయి. మొదటిది ఓడలూ పడవలూ ఉన్న పెద్ద సంస్థలకు. రెండోది విదేశాల్లో జతగాళ్ళు ఉన్నవాళ్ళకు. ఆ రెండూ చదివేటప్పుడు అఖీల్ రొట్టె నములుతూనే ఉన్నాడు. మూడోది చదివాక నమలడం ఆపాడు. తీరానికి దూరంగా ఉన్న కాలేజీల్లో పనిచేసే, ముప్ఫై దాటని అధ్యాపకులకు అని ఉంది అందులో. తోడుగా అనుభవజ్ఞుడైన ఇంకొకరు ఉండొచ్చునట, ఆ ఇంకొకరికి వయసు పట్టింపు లేదట.

"యా అల్లా," అన్నాడు అఖీల్, "నన్ను జూసే రాసినట్టున్నరు."

వచ్చే ఏటికి మల్లికకు ముప్ఫై నిండుతాయి. అంటే ఈ తలుపు ఆమెకు ఒక్కసారే తెరుచుకుంటుంది. ఆ రోజే కూర్చుని ఆ షరతులన్నీ నాలుగుసార్లు చదివింది.

ఎందుకంత ఆత్రం అంటారా? మల్లిక బడికి పోయే రోజుల్లో వాళ్ళ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉండేది. చూస్తే తేటగా ఉండేవి, తాగితే చల్లగా ఉండేవి, ఎముకల్ని మాత్రం పాడు చేసేవి. అవ్వ బీరమ్మ నడుము ఆ నీళ్ళతోనే వంగింది. ఇంటింటికీ నల్లా నీళ్ళు వచ్చాక కూడా అది నిటారు కాలేదు. కంటికి కనపడనిది నీళ్ళలో కలిసి ఒంట్లోని గట్టి దానిని ఎట్లా పాడు చేస్తుందో తెలుసుకోవాలనే ఆ పిల్ల రసాయనశాస్త్రం చదివింది. ఎమ్మెస్సీలో ఉండగా ఒక పాఠంలో సముద్రం సంగతి చదివింది. మనం వదిలే పొగలోని బొగ్గుపులుసు వాయువును సముద్రం తాగుతోందని, ఆ నీళ్ళ గుణం మారిపోతోందని, అందులో గవ్వలకూ ఆల్చిప్పలకూ పెంకు కట్టడం కష్టమవుతోందని. ఆ రోజు ఆమెకు అన్నం సహించలేదు. ఇది మా ఊరి కథే గదా అనిపించింది.

సరే, ఉత్సాహం ఉంటే చాలదు గదా. దరఖాస్తు మొదటి పేజీలోనే ఒక పేచీ ఉంది. మీరు ఉన్న చోటు నుంచే, మీకు అందుబాటులో ఉన్న వస్తువులతో, తేల్చగలిగిన ఒక్క ప్రశ్న రాయండి అన్నారు. ఇద్దరూ పది రోజులు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఉప్పు కలిపిన నీళ్ళు తొట్టిలో పోసి చేద్దామంటే అది ఇప్పటికే వందమంది చేశారు. తీరానికి పోయి నీళ్ళు తెద్దామంటే అది తీరంవాళ్ళే బాగా చేస్తారు.

"సముద్రం లేదు, చేప లేదు, పిడికెడు ఇసుక గూడ లేదు," అన్నాడు అఖీల్. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది మన యవ్వారం."

ఆ మాటకు మల్లికకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతలో ఇంటి దగ్గర బీరప్ప పండుగ వచ్చింది. రాకపోతే ఒప్పుకోనని అవ్వ కబురు పెట్టింది. దరఖాస్తు సంచిలో పెట్టుకుని, మొహం వేలాడేసుకుని, బస్సెక్కింది.

మల్లిక వాళ్ళు కురుమలు, తరతరాలుగా గొర్రెలు కాసే ఇల్లు. బీరప్ప దేవునికి కట్టే గవ్వల పట్టె వాళ్ళింట్లోనే ఉంటుంది. నల్ల ఉన్నితో నేసిన పట్టె, దాని మీద వరుసలు వరుసలుగా గవ్వలు. ఆ ఇంటికి వచ్చిన ప్రతి కోడలూ తన మొదటి పండుగకు ఒక కొత్త వరుస తెచ్చి కుట్టాలి, అది వాళ్ళ ఆచారం. పైన ఉన్నది ఈదమ్మ వరుస, ఆమె బీరమ్మకు అత్త. దాని కింద బీరమ్మ వరుస, ఆ కింద మల్లిక తల్లి గోపమ్మ వరుస. ఈసారి నాలుగోది పడాలి. మల్లిక అన్న పెళ్ళి చేసుకుని తెచ్చిన స్నేహలతకు ఇదే మొదటి పండుగ.

స్నేహలతది భువనగిరి. బజారులో పెరిగిన పిల్ల, పనిమంతురాలు, అత్తింట మెప్పు పొందాలని తెగ ఆరాటం. పండుగకు ముందురోజు పాత దారాలు తెంపి గవ్వలన్నీ విప్పి, వరుస వరుసకు వేరే చిప్పలో పోశారు. వాటిని నువ్వుల నూనె అద్దిన గుడ్డతో తుడవాలి, అంతే. ఆ మాట ఎవరూ ఆమెకు చెప్పలేదు, ఇంతమాత్రం తెలియదా అనుకున్నారు. తాను తెచ్చిన కొత్త గవ్వలు తళతళ మెరుస్తుంటే, పక్కన అవ్వ గవ్వలు నూనె పట్టి నల్లగా కనిపించాయి ఆ పిల్లకు. అప్పటికే ఇత్తడి గంటలూ చెంబులూ గంగాళంలోని చింతపండు పులుసులో నానబెట్టి ఉన్నాయి. పాపం, మంచి మనసుతోనే, మిగిలిన వరుసలు మర్నాటికి వదిలి, ముందుగా అవ్వ గవ్వల్ని ఆ గంగాళంలో వేసి పడుకుంది.

తెల్లారి గంగాళంలో చెయ్యి పెట్టి చూసిన బీరమ్మ వేసిన కేక వాడంతా వినిపించింది.

గవ్వల మీది నునుపు పోయింది. మెరుపు పోయింది. గోడకు వేసిన సున్నంలా తెల్లగా, గరుకుగా, చేతికి పిండి అంటుకునేలా అయిపోయాయి. కొన్నిటి అంచులు అరిగాయి. ఇంకా బుడగలు వస్తూనే ఉన్నాయి.

"దేవుని గవ్వలే పిల్లా! నా పెండ్లినాటి గవ్వలే! పులుసుల ఏస్తరానే ఎవరన్న!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. స్నేహలత గుమ్మం పక్కన కూలబడి ఏడుపు. మల్లిక బాపు గుర్వయ్య ఎవరిని ఓదార్చాలో తెలియక తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

అప్పుడే మొహం కడుక్కుని వచ్చిన మల్లిక గంగాళంలోకి వంగి చూసింది. ఒక గవ్వ తీసి వేలితో గీకింది. ఇంకొకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని బుడగల చప్పుడు వింది. వినీ వినీ, ఆ ఏడుపుల నడుమ, "అవ్వా! దొరికిందే అవ్వా!" అని ఎగిరి గంతేసింది.

"ఏం దొరికిందే నీ మొకం!" అని అవ్వ ఏడుపు ఆపి మరీ తిట్టింది. "ఇల్లు కాలి ఒగడేడుస్తుంటే సుట్టకు నిప్పడిగిండట ఒగడు! గంతులేస్తవా?"

మల్లిక వింటే గదా! వదినను పట్టుకుని లేపి ఆ చెంపా ఈ చెంపా ముద్దుపెట్టుకుంది. "వదినా, నువ్వు బంగారం! సముద్రంల నూరేండ్లకు జరిగేదాన్ని ఒక్కరాత్రిల చేసి సూపెట్టినవ్!" అంది. అన్నాక, రసాయనశాస్త్రం చదివిన మనిషి గనక, సముద్రం చింతపండు పులుసంత పుల్లగా ఏమీ అవ్వదని, మారేది రవ్వంతేనని తనే సర్దిచెప్పింది. స్నేహలతకు ఇందులో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఇంట్లో తనను తిట్టని మనిషి ఒకరు ఉన్నందుకు ఇంకా గట్టిగా ఏడ్చింది.

మల్లిక కళ్ళు అప్పుడు మిగిలిన చిప్పల మీద పడ్డాయి. గోపమ్మ వరుస. స్నేహలత వరుస. అన్నిటికంటే పాతది, ఈదమ్మ వరుస, నునుపు చెడకుండా, భద్రంగా. ఆ చిప్పలు దగ్గరికి లాక్కుంది. ఇవి సముద్రంలో పుట్టినవి. ఏ కోడలి కాలంలో వచ్చినవో పట్టె మీదనే తెలుస్తుంది. పొగ ఇంతగా లేని రోజుల్లో గవ్వ కట్టుకున్న పెంకు ఇదిగో, ఈనాటి గవ్వ కట్టుకున్న పెంకు ఇదిగో. రెండిటినీ కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి పొరల మందం పోల్చొచ్చు గదా? అసలు తేడా ఉందో లేదో తేల్చొచ్చు గదా? ఇది ఒక్క ఇల్లు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇట్లాంటి ఇళ్ళు ఎన్ని!

పెరట్లోకి పరుగెత్తి అఖీల్‌కు ఫోను చేసింది. మాట మాట మీద పడి తడబడుతూ అంతా చెప్పింది. అవతల ఏదో గబగబా వెతుకుతున్న చప్పుడు.

"భాయ్, ఉన్నవా?"

"ఉన్న, ఉన్న. చెప్పులేసుకుంటున్న. వస్తున్న."

పాడైన గవ్వలు కొలతకు పనికిరావు, పులుసు వాటి పొరల్ని తినేసింది. వాటిని గుర్వయ్య ఆచారం ప్రకారం కృష్ణలో వదిలి వచ్చాడు. దరఖాస్తు మాత్రం గడువుకు ముందే వెళ్ళిపోయింది. నెల తిరగకుండా జవాబు వచ్చింది. ముఖాముఖికి పిలుస్తున్నాం, వీడియోలో మాట్లాడండి, గవ్వలు ఎవరివో ఆ ఇంటి పెద్దను కూడా పక్కన కూర్చోబెట్టండి, వాళ్ళ ఒప్పుదల మా చెవులతో వినాలి అని. మొదటి ముక్క చదివి మల్లిక ఎగిరింది. చివరి ముక్క చదివి కూర్చుండిపోయింది.

ఎందుకంటే అవ్వ ఒప్పుకోలేదు. తన వరుస పోయాక ఆమెకు అత్త వరుస మీద ప్రేమ ఇంతా అంతా కాదు.

"ఈదమ్మత్త గవ్వను కోస్తవా? రంపం పెట్టి? నన్ను కొయ్యి ముందుగాల," అంది.

"ఒక్కటే అవ్వా. మిగిలినయి కోయకుండనే కొలుస్తం."

"ఒకటైతే దేవునిది కాదా?"

వదిన మాత్రం తన కొత్త వరుస మొత్తం పట్టె నుంచి విప్పి కొంగులో పోసి ఇచ్చేసింది. కొత్తవి ఎన్ని ఉంటే ఏం లాభం, పోల్చడానికి పాతది కావాలి గదా. బాపు రెండుసార్లు నోరు తెరిచి, అవ్వ చూపు చూసి, రెండుసార్లూ మూసుకున్నాడు.

ముఖాముఖి రోజు రానే వచ్చింది. ముందు గదిలో మంచం మీద లాప్‌టాప్ పెట్టి మల్లిక, అఖీల్ పక్కపక్కన కూర్చున్నారు. అఖీల్ కొత్త చొక్కా తొడుక్కుని అత్తరు కూడా పూసుకున్నాడు. "వీడియోల వాసన రాదు భాయ్," అని మల్లిక నవ్వించబోతే తనకే నవ్వు రాలేదు. అవ్వ గడప మీద కూర్చుంది, వాళ్ళకు వీపు పెట్టి, గొర్రెల దొడ్డి వైపు చూస్తూ. రానంది, పోనూ పోలేదు.

తెర మీద ముగ్గురు కనిపించారు. నడుమ కూర్చున్న పెద్దావిడ పేరు మంజులత, సముద్ర శాస్త్రవేత్త, కోస్తా మనిషి. అడిగిన ప్రతి ప్రశ్నకూ మల్లిక గలగలా జవాబు చెప్పింది. ఈ గవ్వలు ఏ సముద్రానివో ఎట్లా తెలుస్తుందన్నారు. పెంకులో జాడలు వెతుకుతామంది, దొరకకపోతే దొరకలేదనే రాస్తామంది. ఒక్క ఇంటివి చాలవు గదా అన్నారు. నలభై ఇళ్ళకు పోతామంది. గవ్వల మీద ప్రేమంతా ఆమె గొంతులోకి వచ్చేసింది. తెర మీద మంజులత ముందుకు వంగి వింటూ ఉంటే, అఖీల్ మంచం కింద మల్లిక కాలు తొక్కి సంతోషం తెలిపాడు.

"బాగుంది. చాలా బాగుంది," అంది మంజులత. "మరి ఇంటివాళ్ల ఒప్పుదల?"

ఒక్క అబద్ధం చెబితే పోయేది. అవ్వ ఒప్పుకుంది, పొలానికి పోయింది, రేపు మాట్లాడుతుంది అంటే ఇవాళ్టికి గడిచిపోయేది. మల్లిక నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"లేదు మేడమ్," అంది. "మా అవ్వ ఒప్పుకోలేదు."

అఖీల్ కళ్ళు మూసుకున్నాడు. తెర మీద పక్కన కూర్చున్న ఆయన కాగితాలు దగ్గరికి జరుపుకుంటూ, "వస్తువే లేకపోతే ఇక మాట్లాడేది ఏముందమ్మా?" అన్నాడు. ఆయన అన్నది నిజమే. మల్లిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆగుండ్రి," అని గడప మీది నుంచి గొంతు వినిపించింది. బీరమ్మ గోడ పట్టుకుని లేచి, వంగిన నడుముతోనే వచ్చి, మనుమరాలిని పక్కకు జరిపి తెర ముందు కూర్చుంది.

"అమ్మా, నేను గీ పిల్ల అవ్వను. బీరమ్మ అంటరు. ఒక్క మాట అడుగుత, జర చెప్పుండ్రి. సముద్రానికి ఏమైంది?"

మంజులత తొందరపడలేదు. "పొగంతా గాలిలో కలుస్తుంది కదా మామ్మగారూ. అందులో కొంత సముద్రం తాగేస్తుంది. తాగీ తాగీ నీళ్ల గుణం మారిపోతోంది. ఆ నీళ్లలో గవ్వ పురుగుకి పెంకు కట్టుకోవడం కష్టమైపోతోందండి."

"పెంకంటే దాని ఇల్లే గద."

"ఇల్లేనండి."

"మరి గా నీళ్ళు ఇడిసిపెట్టి అది ఏడికి పోతది?"

"ఎక్కడికీ పోలేదండీ. దానికి ఉన్నవి ఆ నీళ్లే."

అవ్వ తెరకు ఇంకా దగ్గరికి జరిగింది. చీర కొంగు సర్దుకుంది.

"మేము గూడ ఎటూ పోలేదమ్మా," అంది. "బోరు నీళ్ళు తాగినం. చెడ్డయని తెల్వక తాగినం, తెలిసినంక గూడ తాగినం. వేరే నీళ్ళు ఏడున్నయ్? మా నడుం బొక్కలు వంకర పోయినంక అందరొచ్చి ఫోటోలు తీసుకపోయిండ్రు. ముందుగాల ఎవలన్న వచ్చి జూసి ఉంటే ఎంత బాగుండేది." మల్లిక వైపు తిరిగింది. "గీ ముచ్చట నాకు గిట్ల చెప్పకపోతివి పిల్లా. పొరలంటివి, మందమంటివి, కోస్తనంటివి. ఇల్లు కట్టుకోలేకపోతాందని ఎప్పుడన్న చెప్పినవా?"

మల్లిక తల అడ్డంగా ఊపింది. ఏడుస్తూ నవ్వింది.

"ఈదమ్మత్త గవ్వ ఒకటి కోసుకోండ్రి," అంది అవ్వ తెరతో. "మిగిలినయి గూడ తీసుకపోండ్రి, మీ తాన్నే పెట్టుకొని జూడుండ్రి. కానీ ఒక షరతు. సముద్రం బాగైనంక మా గవ్వలు మాకు తెచ్చియ్యాలె."

మంజులత చేతిలోని కలం కింద పెట్టింది. "మామ్మగారూ, మీకు అబద్ధం చెప్పను. సముద్రం బాగుపడాలంటే తరాలు పడుతుందండి. అప్పటికి మేమెవరమూ ఉండం."

"ఉండకుంటే ఏమాయె? మీ తర్వాతోల్లు తెస్తరు," అంది బీరమ్మ. "గీ పట్టె మా అత్త నాకిచ్చిపోయింది. నేను నా కోడలికిస్త, ఆమె గీ భువనగిరి పిల్లకిస్తది. మాకేం తొందర లేదు. ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరు ఇంట్లనే ఉంటరు, తలుపు కొట్టుండ్రి."

పద్ధతి ప్రకారమైతే ఫలితం తర్వాత తెలియజేస్తామని చెప్పి తెర మూసెయ్యాలి. మంజులత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పక్కన ఉన్న ఇద్దరి వైపూ చూసింది. కాగితాలు సర్దుకున్న ఆయనే ముందు తల ఊపాడు.

"ఉత్తరం తర్వాత వస్తుంది," అంది మంజులత. "పని ఎప్పుడు మొదలుపెడతావమ్మా మల్లికా?"

వందల ప్రశ్నలకు జవాబులు వల్లె వేసుకున్న మల్లిక ఈ ఒక్కదానికి వేళ్ళ మీద రోజులు లెక్కపెడుతూ ఉండిపోయింది. అఖీల్ పక్క నుంచి "సుభానల్లా" అంటున్నాడు, వంటింట్లో వదిన గిన్నె జారవిడిచింది. అవ్వ మోచేత్తో మనుమరాలి డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"అడుగుతాంది గద. చెప్పు పిల్లా."